చూపించకుండానే తీయించవచ్చు

నిజామాబాద్ జిల్లా చందూర్‌లో గానీ, వర్ని, రుద్రూర్, కోటగిరి దిక్కు ఏ ఊళ్లో గానీ ఒక ఆడపిల్ల ప్రైవేటు ఫొటో ఫోన్లలో తిరుగుతోందని తెలిస్తే ఆ ఇంట్లో ముందుగా వినబడే మాట ‘ఎవ్వలకు జెప్పకు, ఊరంత తెలుస్తది’ అనే. ఆ మాటను మూర్ఖత్వమని కొట్టిపారేయలేం. ఫిర్యాదు ఇవ్వాలంటే ఆ ఫొటోను మళ్లీ ఇంకొకరికి చూపించాలి కదా, చూసినవాళ్ల లెక్క ఇంకా పెరుగుతుంది కదా అన్న భయం దాని వెనక ఉంది. స్టేషన్లో టేబుల్ అవతల కూర్చున్న మగమనిషి ముందు ఫోన్ తెరిచి పెట్టడం ఊహించుకుంటేనే చాలామంది అక్కడితో ఆగిపోతారు. బెదిరించేవాడికి కావలసింది కూడా అదే. వాడి బలమంతా ఆమె నోరు విప్పదన్న ధీమాలోనే ఉంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదని 2025లో మద్రాసు హైకోర్టులో బయటపడింది. ఒక మహిళా న్యాయవాది వీడియోలను ఆమెకు తెలియకుండా తీసి డజన్ల కొద్దీ సైట్లలోకి ఎక్కించారు. దర్యాప్తు పేరుతో ఆమె ఎదుటే మగ పోలీసులు ఆ వీడియో చూశారని, కేసు కాగితాల్లో ఆమె పేరు కూడా రాశారని తెలిసి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తీవ్రంగా బాధపడ్డారు. పేరు తీసేయమన్నారు. ఆ వీడియోలను 48 గంటల్లో తొలగించే చర్యలు తీసుకోమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించారు. చట్టం చదువుకున్న మనిషికే ఈ గతి పడితే, పొద్దంతా బీడీలు చుట్టుకునే ఇంటి ఆడపిల్ల సంగతి వేరే చెప్పాలా?

అందుకే ముందు ఆ భయానికి జవాబు చెప్పాలి. ఒక ఫొటోను ఏ మనిషీ చూడకుండా గుర్తుపట్టి, పెద్ద పెద్ద యాప్‌ల నుంచి తీసేయించే పద్ధతి ఇప్పుడు ఉంది. దానికి ఆధారం గణితం.

కంప్యూటర్‌కు ఫొటో అంటే అంకెల వరుస. ఆ అంకెల మీద ఒక లెక్క నడిపిస్తే చివరికి ఒక చిన్న గుర్తు మిగులుతుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఫేస్‌బుక్ సంస్థ 2019లో అందరికీ ఉచితంగా ఇచ్చిన పీడీక్యూ అనే లెక్క ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. మొదట ఫొటోలోని రంగులన్నీ తీసేసి వెలుగునీడలు మాత్రమే ఉంచుతుంది. తర్వాత దాన్ని పొడవున 64, వెడల్పున 64 చుక్కలుండే చిన్న బొమ్మగా కుదిస్తుంది. మచ్చలు, దుస్తుల అంచులు లాంటి చిన్న వివరాలు చాలావరకు అక్కడే కరిగిపోతాయి. మిగిలిన బొమ్మలో ఎక్కడ వెలుగు మెల్లగా మారుతోంది, ఎక్కడ గబుక్కున మారుతోంది అని కొలిచి 256 విలువలు తీస్తుంది. ఆ విలువల మధ్యస్థం కంటే ఎక్కువున్న చోట 1, తక్కువున్న చోట 0 వేస్తుంది. చివరికి మిగిలేది 256 ఒకట్లూ సున్నాలూ. కుదించి రాస్తే 64 అక్షరాలు, పాత కాలపు ఎస్సెమ్మెస్‌లో సగం కూడా ఉండదు.

ఈ దారి ఒకవైపే నడుస్తుంది. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బస్తాకెత్తిన చక్కెరను చూపించి ఇది ఏ రైతు చెరకు, ఆ గడ ఎంత పొడవుండేదో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? హ్యాష్ కూడా అంతే. అది ఎవరి చేతికి చిక్కినా అందులోంచి ఆ ఫొటోను వెనక్కి తీయలేరు. కానీ అదే ఫొటోను ఎవడైనా ఎక్కడైనా ఎక్కిస్తే దానికీ అదే హ్యాష్ వస్తుంది. రెండూ సరిపోల్చితే చాలు, దొరికిపోతుంది.

పీడీక్యూలో ఇంకో మంచి గుణం ఉంది. ఫొటో సైజు తగ్గించినా, వెలుగు కాస్త పెంచినా, పదిచోట్ల ఫార్వర్డ్ అయి నాణ్యత పడిపోయినా 256 స్థానాల్లో కొన్నే మారతాయి. సంబంధం లేని రెండు ఫొటోలను పోల్చితే దాదాపు సగం స్థానాలు, అంటే 128 దాకా తేడా వస్తుంది. 31 స్థానాల వరకు తేడా ఉన్నా అది అదే ఫొటో అనుకోవచ్చని ఆ లెక్క తయారుచేసినవాళ్లే హద్దు సూచించారు. ఇలా చిత్రాన్ని హ్యాష్‌తో పట్టుకునే ఆలోచన కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ, డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హనీ ఫరీద్ కలిసి 2009లోనే ఫొటోడీఎన్ఏ అనేదాన్ని తయారుచేశారు. పిల్లల మీద లైంగిక హింస చిత్రాలను పట్టుకోవడానికి అది పుట్టింది.

పెద్దవాళ్ల కోసం ఈ పద్ధతిని 2021 డిసెంబరులో బ్రిటన్‌కు చెందిన ఎస్‌డబ్ల్యూజీఎఫ్ఎల్ అనే స్వచ్ఛంద సంస్థ ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ పేరుతో అందుబాటులోకి తెచ్చింది. మన దేశం నుంచి కూడా వాడుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. స్టాప్‌ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అనే సైట్ తెరిచి, 18 ఏళ్లు నిండాయని, ఫొటోలో ఉన్నది తానేనని చెప్పి, ఫోన్లో ఉన్న ఫొటోను ఎంచుకోవాలి. ఇక్కడే చాలామంది జంకుతారు, ఫొటో వాళ్లకు పంపుతున్నట్టే కదా అని. పంపడం లేదు. లెక్కంతా మన ఫోన్లోనే జరుగుతుంది, హ్యాష్ ఒక్కటే బయటికి పోతుంది. చివర్లో ఒక కేసు నంబరు, ఒక పిన్ ఇస్తారు. పిన్ పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వరు, కాబట్టి ఆ రెండూ కాగితం మీద రాసి దాచుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, రెడిట్, స్నాప్‌చాట్ లాంటివి ఆ హ్యాష్‌ను తీసుకుని తమ దగ్గర సరిపోయే బొమ్మ ఉందేమో వెతుకుతాయి. కొన్ని అశ్లీల సైట్లు కూడా ఇందులో చేరాయి. మైక్రోసాఫ్ట్ వారి బింగ్ 2024లో చేరింది, తామూ చేరుతున్నామని 2025లో గూగుల్ ప్రకటించింది. ఫొటో ఇంకా ఎక్కడా బయటపడకముందే, ‘పెడతా’ అని బెదిరిస్తున్న దశలోనే, హ్యాష్ ఇచ్చి పెట్టుకోవచ్చు. ఈ పద్ధతి అన్నిటికంటే బాగా పనిచేసేది కూడా అప్పుడే.

పద్దెనిమిది ఏళ్లు నిండని పిల్లల కోసం ఇలాంటిదే ‘టేక్ ఇట్ డౌన్’ అని ఉంది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం దీన్ని 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. పేరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు తీసిన ఫొటో ఇప్పుడు వేధిస్తున్న పెద్దవాళ్లు కూడా ఇదే వాడాలి.

మన దగ్గర సంగతికి వస్తే, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్ పేరు చాలామంది వినే ఉంటారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. ఆ పోర్టల్ వెనక హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఉత్తరం ఉందని మాత్రం తక్కువమందికే తెలుసు. 2015లో వాట్సాప్‌లో రెండు అత్యాచార వీడియోలు తిరుగుతూ, మనుషుల అక్రమ రవాణా మీద పోరాడే ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ దగ్గరికి చేరాయి. నేరం చేసినవాళ్లు నవ్వుతూ వాళ్లే తీసుకున్న వీడియోలు అవి. ఆమె బాధితుల ఆనవాళ్లు కనబడకుండా చేసి, నేరస్థుల ముఖాలు మాత్రం బయటపెట్టారు. ఆ తర్వాత ఆమె కారు మీద దాడి జరిగింది. ఆమె వెనక్కి తగ్గలేదు. ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది, సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2017లో ఐటీ శాఖ అధికారి అజయ్ కుమార్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్, యాహూ, మైక్రోసాఫ్ట్ ప్రతినిధులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. మాట్లాడిన విషయాల్లో హ్యాష్‌లు ఒకటి, బాధితులు ఊరు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే పోర్టల్ ఇంకొకటి. 2018 సెప్టెంబరులో ఆ పోర్టల్ వచ్చింది. మరుసటి ఏడాది అన్ని రకాల సైబర్ నేరాలకూ దాన్ని తెరిచారు. ఈ రోజు చందూర్‌లో ఒక అమ్మాయి రాత్రి పది గంటలకు ఫోన్లో ఫిర్యాదు రాయగలుగుతోందంటే దాని మొదలు అక్కడుంది. ఆ మేలు తెలంగాణ మరచిపోకూడదని నా అభిప్రాయం.

ఆ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు విడిగా విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారి, మొబైల్ నంబరు ఇచ్చి తర్వాత ఏమైందో చూసుకునే దారి రెండూ ఉన్నాయి. పేరు చెప్పకపోతే గోప్యత దక్కుతుంది గానీ కేసు ఎంతవరకు వచ్చిందో తెలియదు. బెదిరింపు సాగుతున్నప్పుడు రెండో దారే మేలు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు ముఖ్యంగా డబ్బు పోయిన కేసులకు. అప్పటికే డబ్బు పంపేసి ఉంటే వెంటనే దానికి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

స్టేషన్‌కు పోవడానికి మనసు ఒప్పకపోతే ఆడవాళ్ల భద్రత కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్స్ ఉన్నాయి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలై తర్వాత రాష్ట్రమంతా వచ్చాయి, నిజామాబాద్ కమిషనరేట్‌లోనూ ఉన్నాయి. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. మద్రాసు హైకోర్టు కేసు ఫలితంగా 2025 నవంబరులో కేంద్రం ఇచ్చిన కార్యవిధానం ఇలాంటి ఫొటోల ఫిర్యాదును వన్ స్టాప్ సెంటర్లలో కూడా ఇవ్వవచ్చని చెప్పింది. తెలంగాణలో సఖి అంటే అదే. అక్కడ ఎదురుగా కూర్చునేది ఆడమనిషి, ఆ తేడా చిన్నది కాదు.

కంపెనీలకు నేరుగా రాసే హక్కు కూడా ఉంది, దీన్ని మనవాళ్లు చాలా తక్కువగా వాడుతున్నారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి వేదికా ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టి వివరాలు బయట పెట్టాలి. ఒంటి మీద బట్టలు లేని ఫొటో, లైంగిక చర్య చూపించేది, మార్ఫింగ్ చేసింది, ఏదైనా సరే ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని ఆ నిబంధనలు మొదట చెప్పాయి. 2026 ఫిబ్రవరి సవరణతో ఆ గడువును ఇంకా కుదించారు. ఆమే రాయాలని లేదు, ఆమె తరఫున అక్క గానీ, మేనమామ గానీ, టీచర్ గానీ రాయవచ్చు. కంపెనీ పట్టించుకోకపోతే 30 రోజుల్లోపు ప్రభుత్వ ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు, వకీలు అక్కర్లేదు.

ఇక ‘ఫొటో ఆమే పంపింది గదా’ అనే మాట. చదువుకున్నవాళ్ల నోట కూడా ఇది వింటాం. ఈ జిల్లాలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. మగడు దుబాయ్‌లో, పెండ్లాం ఇక్కడ. వాట్సాప్ కాల్ అక్కడ కలవదు కాబట్టి బోటిమ్ లాంటి యాప్‌లలో రోజూ మాటలు. రెండేండ్లకోసారి ఇంటికి వచ్చే మనిషితో కాపురమంతా ఫోన్లోనే సాగుతున్నప్పుడు ఒక ఫొటో పంపుకోవడంలో తప్పేముంది? అది వాళ్లిద్దరి మధ్య సంగతి. ఆ ఫోన్ పోయినా, క్యాంపులో పక్క మంచం మనిషి తెరిచి చూసినా, రిపేరుకిచ్చినప్పుడు ఎవడో కాపీ చేసుకున్నా దోషం ఆమెది ఎట్లా అవుతుంది? చట్టం ఈ విషయంలో మన ఊళ్ల కంటే స్పష్టంగా ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ ప్రకారం ఒక స్త్రీ ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే ఆ పంచడం నేరమే. మొదటిసారికి ఏడాది నుంచి మూడేండ్ల జైలు. ఐటీ చట్టం 67ఏ కింద లైంగిక చర్య ఉన్న చిత్రాన్ని ప్రచురించినా, పంపినా మొదటి నేరానికే ఐదేండ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ అనే చిన్న పట్టణం కోర్టు 2018 మార్చిలో మాజీ ప్రియురాలి వీడియో పెట్టిన యువకుడికి ఐదేండ్ల శిక్ష వేసింది. ఇలాంటి కేసులు నిలబడవనేవాళ్లు ఆ తీర్పు చదవాలి.

మగపిల్లలు కూడా ఈ ఉచ్చులో పడుతున్నారు. ముక్కూమొహం తెలియని అమ్మాయి వీడియో కాల్, అది రికార్డు చేసి ‘మీ అక్కకు పంపుతా’ అని బెదిరింపు. 67ఏ, గోప్యతకు సంబంధించిన 66ఈ వాళ్లకూ వర్తిస్తాయి. ఒక్క రూపాయి పంపితే రెండోసారి అడుగుతారు, అది ఆగదు.

అసలు ఫొటోయే లేకుండా ఫొటో పుట్టించే నేరం వేరు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ శరీరం జారా పటేల్ అనే మరో మహిళది, ఆమె కూడా బాధితురాలే, ఆమెను ఎక్కువమంది తలచుకోలేదు. రెండు నెలల తర్వాత ఢిల్లీ పోలీసులు నిందితుణ్ని పట్టుకున్నది మన గుంటూరు జిల్లాలో. ఫాలోయర్ల కోసం చేశాడని పోలీసులు చెప్పారు. అంతకుముందు నుంచే లోన్ యాప్‌ల వాళ్లు ఇదే పని చేస్తున్నారు. ఐదువేల అప్పు ఇచ్చే పేరుతో ఫోన్లోని నంబర్లన్నీ లాక్కుని, ఆధార్ ఫొటోలోని ముఖాన్ని మార్ఫింగ్ చేసి చుట్టాలకు పంపడం. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇద్దరు చిన్నపిల్లల తల్లిదండ్రులు ఈ వేధింపు భరించలేక ప్రాణం తీసుకున్నారు. ఆ పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ స్థితికి నెట్టబడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మార్ఫింగ్ బొమ్మకు కూడా హ్యాష్ తీయవచ్చు, అది నకిలీదైనా సరే ఫిర్యాదు చెల్లుతుంది.

తొందరలో అందరూ చేసే పొరపాటు, భయంతో చాటంతా డిలీట్ చేసి నంబరు బ్లాక్ చేయడం. సాక్ష్యం పోతుంది. ముందు బెదిరింపు మెసేజ్‌లు, పంపినవాడి ప్రొఫైల్, లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి, ఆ తర్వాత తీయించే పని. పిల్లల ఫొటో అయితే మాత్రం ఈ స్క్రీన్‌షాట్ల పద్ధతి వద్దు. పద్దెనిమిదిలోపు వాళ్ల అలాంటి చిత్రాన్ని దగ్గర పెట్టుకోవడమే పోక్సో చట్టం కింద నేరం కావచ్చు, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. లింకు మాత్రం రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పాలి.

ఇంత చెప్పాక హద్దులు కూడా చెప్పకపోతే నిజాయతీ కాదు. ఫొటోను బాగా కత్తిరించినా, తిప్పినా, పెద్ద బొమ్మ అతికించినా పీడీక్యూ తడబడుతుంది. అందుకే ఎన్ని రూపాల్లో తిరుగుతుంటే అన్నిటికీ వేర్వేరుగా హ్యాష్ ఇవ్వాలి. వీడియోలకు స్టాప్ ఎన్‌సీఐఐ వాడిన ఎండీ5 అనే లెక్క మరీ ముక్కుసూటిది, వీడియోను కాస్త కుదించి మళ్లీ సేవ్ చేస్తే పూర్తిగా వేరే హ్యాష్ వస్తుంది. ఈ ఏర్పాటులో చేరని సైట్లు, ముఖ్యంగా ఎక్కడో విదేశంలో ఉండి జవాబే ఇవ్వని సైట్లు చాలా ఉన్నాయి. వాటి మీద గెలవలేకపోయినా, గూగుల్‌కు ఫారం పెట్టి ఆమె పేరు కొడితే ఆ లింకు రాకుండా చేయించవచ్చు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో ఆసరా వచ్చింది. అక్కడ 2025 మేలో సంతకం అయిన చట్టం ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో వేదికలు తీసేయాలి, దాని పేరు కూడా టేక్ ఇట్ డౌనే.

అన్నిటికంటే పెద్ద ఖాళీ వాట్సాప్. అక్కడి మెసేజ్‌లు పంపినవాడి ఫోన్లో తాళం పడి, అందుకున్నవాడి ఫోన్లోనే తెరుచుకుంటాయి. మధ్యలో కంపెనీకి కూడా కనబడవు కాబట్టి హ్యాష్‌తో పోల్చడానికి ఏమీ దొరకదు. మన ఊళ్లలో ఇలాంటి ఫొటోలు తిరిగేది ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే, పదో తరగతి బ్యాచ్, క్రికెట్ టీం, వాడకట్టు పేర్లతో ఉండేవాటిలో. ఆ గ్రూపులో ఉన్న మనిషి ఒక్క ఫార్వర్డ్ కొడితే 67ఏ అతనికీ తగలవచ్చు. అదే మనిషి ఆ మెసేజ్ పంపినవాడి మీద రిపోర్ట్ నొక్కితే, ఆ వ్యక్తి నుంచి గానీ గ్రూపు నుంచి గానీ వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి చేరతాయి. ఫొటో వచ్చిన వెంటనే నొక్కాలి, దాని తర్వాత ఇంకో పది గుడ్ మార్నింగ్‌లు వచ్చాక నొక్కితే అది ఆ ఐదింట్లో ఉండకపోవచ్చు.